పనికిరాడన్న పోరడే మెదడు గుట్టు విప్పిండు

పత్తికి మందు కొట్టే రోజులల్ల మన ఊర్లల్ల ఒక ముచ్చట యేటేటా వినవడ్తనే ఉంటది. పొద్దంత పంపు భుజానికేస్కొని మందు కొట్టినోడు మాపటికి వాంతులు చేస్కొని పడిపోయిండని. నోట్లె నురగ, కండ్లల్ల నీళ్లు, కంటిపాప గుండుసూది మొనంత అయితది. చేతులు కాళ్లు వణుకుతయి, ఊపిరి అందదు. దవాఖానకు ఉరికిస్తే డాక్టర్లు అట్రోపిన్ సూది మీద సూది ఇస్తరు. అదృష్టం ఉంటె మనిషి ఇంటికొస్తడు.

గా మందు ఒంట్ల ఏడ పనిచేస్తదో ఎప్పుడన్న ఆలోచన చేసిన్రా? నరం చివరకు, దాని పక్కనున్న కండకు నడుమ ఒక సందు ఉంటది. వెంట్రుక మందంల వెయ్యో వంతు అంత సన్నని సందు. నరం నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం గా సందుల వడి కండకు కబురు జెప్తది. కబురు అందినంక దాన్ని ఊడ్చేసే ఎంజైమ్ ఒకటి అక్కడనే ఉంటది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు గా ఎంజైమ్‌ను పట్టి కట్టేస్తయి. కబురు ఆగదు, కండకు కునుకుండదు, చివరికి ఊపిరి తీసే కండలు గూడ చాతగాక పడిపోతయి. మన పొలంగట్ల మీద కనవడే కట్లపాము, నాగుపాము విషం గూడ దెబ్బ కొట్టేది గిసుంటి సందు కాడనే.

అంటె నరాల సదువు మనకు దూరపు సదువు కాదు. మన చేన్లనే ఉన్నది. కని మన పిల్లలను అడుగుండ్రి, నరాల శాస్త్రం సదువుతవా అని. గది పెద్దోళ్ల సదువన్నా, ఇంగ్లిష్ మీడియమోళ్ల సదువన్నా అంటరు. గందుకే ఇయ్యాల ఒక మనిషి బతుకు జెప్తున్న. నరకణాలు ఒకదానికొకటి అతుక్కొని లేవు, దేనికదే వేరు అని సాక్ష్యం జూపి లోకాన్ని ఒప్పించిన మనిషి. పేరు సాంటియాగో రమోన్ ఇ కహాల్. దేశం స్పెయిన్. పుట్టింది పల్లెటూర్ల. సదివింది, సదువు జెప్పింది సర్కారు యూనివర్సిటీలల్ల.

గోడల మీద బొమ్మలు, తలుపుకు ఫిరంగి

కహాల్ 1852 మే 1న పెతియా అనే కొండ ఊర్ల పుట్టిండు. స్పెయిన్ ఉత్తరాన, అరగాన్ నడుమ ఉన్న ఊరు. రాళ్లు, చలి, కరువు తప్ప పెద్దగ ఏం లేని నేల. అయ్య పేరు జుస్తో రమోన్. ఆయన గూడ రైతుబిడ్డనే. చిన్నప్పుడే ఊరు విడిచి, ఒక వైద్యుని కాడ పనికి కుదిరి, అరిగోస పడి సదివి సర్జన్ అయ్యిండు. నౌకరి ఎటు దొరికితె అటు, ఊరు మీద ఊరు మారిండు. చివరికి ఆయెర్బె అనే ఊర్ల కుదురుకున్నరు.

కష్టపడి పైకొచ్చిన తండ్రులు ఎట్లుంటరో మనకెరుకే. తను వడ్డ తిప్పలు కొడుకు పడొద్దని, కొడుకు డాక్టరే కావాలని పట్టువట్టిండు. కొడుకుకేమో బొమ్మల పిచ్చి. కాయితం దొరికితె కాయితం మీద, దొరక్కపోతె గోడల మీద, తలుపుల మీద గీస్తనే ఉండేటోడు. అయ్య కండ్లకు అది దండుగ పని. ఒకసారి ఊరి చర్చికి రంగులేసే మేస్త్రి కాడికి గా బొమ్మ తీస్కపోయి సూపిచ్చిండు. పిలగానికి బొమ్మలు గీసే చాతనే లేదని గా మేస్త్రి తేల్చిండు. ఇగ అంతే, ఇంట్ల కాయితాలు, రంగులు బంద్.

పోరడు ఊకుంటడా? అల్లరి పెరిగింది. పదకొండేండ్లప్పుడు కట్టెతోని ఫిరంగి లెక్క తయారు జేసి, పక్కింటాయన తోట తలుపు పేల్చిండు. ఊరోళ్లు జైల్లేసిన్రు. అయ్య అడ్డం పోలే, కొన్ని దినాలు ఉంటెనే బుద్ధొస్తదని ఒప్పుకున్నడు.

హాకా పట్నంల పాదిరీలు నడిపే బడికి తోలిన్రు. అక్కడ లాటిన్ బట్టీ. పాఠం ఒప్పజెప్పకుంటె దెబ్బలు, గదిల వెట్టి తాళం, తిండి బంద్. పిలగాడు ఎండిపోయి ఎముకల గూడయ్యిండు. బట్టీ వట్టుడు ఆయనతోని కాలే. గా బడి లెక్కల ఆయన మొద్దు. ఉయెస్కా ఊరి బడికి మార్సినా అదే కత.

గప్పుడు అయ్య ఇంకో శిక్ష ఏసిండు. మొదలు ఒక మంగలి దుకాణంల పనికి పెట్టిండు, తర్వాత చెప్పులు కుట్టే ఆయన కాడ. జర ఇక్కడ ఆగుదాం. అయ్య దీన్ని శిక్ష అనుకున్నడు. చేతి పనిని శిక్ష అనుకునే బుద్ధి మన దగ్గరనే కాదు, అక్కడ గూడ ఉండె. కని మన దగ్గర అది కులమై మెడకు వడ్డది. ఆయనకు అది ఒక యేడు ముచ్చట, మనోళ్లకు తరతరాల ముచ్చట. గా తేడా మర్సిపోయి, ఆయన లెక్క మీరెందుకు కారు అని ఎవలన్న మన పోరలను అడిగితె నేను ఒప్పుకోను. అయితె ఒకటి మాత్రం నిజం. చెప్పులు కుట్టుట్ల గా పిలగాడు మంచి పనిమంతుడు అనిపించుకున్నడు. బడి మొద్దన్న పిలగాని చేతులల్ల మస్తు తెలివున్నది. దాన్ని కనిపెట్టే పరీక్ష గా బడి కాడ లేకుండె.

బొందలగడ్డల పాఠం

1868 ఎండకాలం. కొడుకును ఎట్లన్న వైద్యం దిక్కు మళ్లియ్యాలని అయ్య ఒక ఉపాయం జేసిండు. రాత్రిపూట ఇద్దరు కల్సి బొందలగడ్డ గోడ దుంకి, బైట పడున్న ఎముకలు ఏరుకొచ్చిన్రు. ఇంటి కొట్టంల కూసోని ఒక్కొక్క ఎముక చేతుల వెట్టి అయ్య పాఠం జెప్పుడు, కొడుకు బొమ్మ గీసుడు. పోరడు బట్టీ వట్టలే. చేత్తోని తడిమి, కంటితోని జూసి, పెన్సిల్‌తోని గీసిండు. అన్నేండ్లు దండుగన్న బొమ్మలే ఇయ్యాల సదువుకు దారైనయి. ఎముకల సదువు ఆయనకు బొమ్మల సదువు లెక్కనే అనిపించింది. గక్కడ ఎక్కిండు దారి.

సరగోసా యూనివర్సిటీల మెడిసిన్ సదివిండు. అయ్యకు గూడ అక్కడనే శవాలు కోసి పాఠం జెప్పే నౌకరి దొరికింది. తండ్రీకొడుకులు కల్సి శరీర నిర్మాణం మీద ఒక బొమ్మల పుస్తకం తయారు జేసిన్రు గని, గా రంగులు అచ్చేసే సౌలత్ ఊర్ల లేక అది బైటికి రాలే. 1873ల, ఇరవై ఒక్క యేండ్లకు, కహాల్ డాక్టర్ పట్టా పట్టుకున్నడు.

గంతలనే మిలటరీ పిలుపొచ్చింది. 1874ల క్యూబాకు తోలిన్రు. అప్పుడు క్యూబా స్పెయిన్ కింద వలస దేశం. అక్కడి జనం స్వాతంత్ర్యం కోసం పదేండ్ల యుద్ధం జేస్తున్నరు. కహాల్ పోయింది అణిచే దిక్కు నుంచే, ఫౌజు డాక్టర్‌గ. ఈ మాట దాచిపెట్టి ఆయన బతుకు జెప్పొద్దు. బురద గుంటల నడుమ ఉన్న దవాఖానల ఆయనను ఏసిన్రు. సిపాయిలు తూటాల కన్న మలేరియాతోని, రక్తవిరేచనాలతోని ఎక్కువ సచ్చిపోతున్నరు. రోగుల కోసం వచ్చిన తిండిని పై ఆఫీసర్లు, వంటోళ్లు మెక్కుతున్నరు. ఇదేందని అడిగి ఆయన పెద్దోళ్లతోని లొల్లి పెట్టుకున్నడు. చివరికి ఆయనకే మలేరియా మాడ మీదికొచ్చింది. 1875ల పీనుగు లెక్కయి ఇంటికొచ్చిండు.

రావాల్సిన జీతం రాబట్టుకునుడు గూడ ఒక తిప్పనే అయ్యింది. గా పైసలల్ల మిగిలినయి ఏంజేసిండంటె, ఒక మైక్రోస్కోప్ కొన్నడు. అదిగూడ ఒక్కసారి పైసలు కట్టలేక కిస్తీల మీద. డాక్టరేట్ పరీక్షకని 1877ల మాడ్రిడ్ పోయినప్పుడు, మాయెస్ట్రె దె సాన్ హువాన్ అనే ప్రొఫెసర్ ల్యాబ్‌ల మైక్రోస్కోప్ కింద కణాలను జూసి ఆయన మనసు పారేసుకున్నడు. సరగోసాల అసుంటిది లేదు. గందుకని ఇంట్లనే ల్యాబ్ పెట్టుకున్నడు. తొలినాళ్లల్ల చేతి కత్తి పట్టుకొని, కండ ముక్కను ఉల్లిపొర కన్న పల్చగ కోసుడు నేర్చుకున్నడు. నేర్పేటోడు లేడు, పుస్తకాలే గురువులు.

1878ల రక్తం కక్కుకున్నడు. క్షయ. అప్పుడు దానికి మందు లేదు. కొన్ని నెలలు కొండల దిక్కు పోయి, గాలి మార్చుకొని, ఎట్లనో బతికి బట్టకట్టిండు. మరుసటి యేడు సిల్వేరియా అనే పిల్లను పెండ్లి జేస్కున్నడు. అయ్యకు ఇష్టం లేకున్నా జేస్కున్నడు. ఏడుగురు పిల్లలు. చాలీచాలని జీతం. గా ఇంటిని ఈడ్చుకొచ్చింది సిల్వేరియా. మొగడు పైసలన్ని రసాయనాలకు, పుస్తకాలకు, అచ్చుకు పెడ్తుంటె, ఆమె పిల్లల కడుపులు నింపింది. ఆమె పేరు మీద ఏ బహుమానం లేదు. కహాల్ గూడ తను రాసిన సలహాల పుస్తకంల, సైంటిస్టుకు భార్య అంటె ఇల్లు జూస్కొని పనికి తోడుండేది అన్నట్టే రాసుకున్నడు. పెద్దమనిషే గని, గా కాలపు మగబుద్ధి ఆయనను విడిచిపెట్టలే.

పోటీ పరీక్షలల్ల ఫెయిల్

ఇప్పుడు గ్రూప్స్‌కు, డీఎస్సీకి సదివే తమ్ముళ్లు, చెల్లెండ్లు జర ఇనాలె. స్పెయిన్ సర్కారు యూనివర్సిటీలల్ల ప్రొఫెసర్ కుర్చీ ఖాళీ అయితె, దేశమంత పోటీ పెట్టేటోళ్లు. జడ్జీల ముందర నిలవడి, పాఠం జెప్పి, ఎదుటోళ్లతోని వాదించి గెలవాలె. కహాల్ రెండుసార్లు పోటీ వడి రెండుసార్లు ఓడిండు. బట్టలు, మాట తీరు, సభల నిలవడే పద్ధతి, ఇయన్ని పల్లెటూరోనికి ఏడ నేర్పుతరు? ఓడినంక ఇంటికొచ్చి, ఏది తక్కువైందో లెక్క జూసుకున్నడు. కొత్త జర్మన్, ఫ్రెంచ్ పుస్తకాలు తెప్పిచ్చి సదివిండు. 1883ల గెలిచిండు. వలెన్సియా యూనివర్సిటీల అనాటమీ ప్రొఫెసర్ అయ్యిండు.

1885ల వలెన్సియాల కలరా వచ్చింది. ఆయన నరాల పని పక్కన వెట్టి, కలరా సూక్ష్మజీవిని, దాని టీకాను పరిశోధన జేసి రిపోర్టు రాసిండు. సరగోసా జిల్లా పాలకమండలి దానికి మెచ్చి, ఒక కొత్త జైస్ మైక్రోస్కోప్ బహుమానం ఇచ్చింది. జనం పైసలతోని కొన్న మైక్రోస్కోప్ అది. గా యంత్రంతోనే ఆయన పనికి కొత్త ఊపొచ్చింది. సర్కారు పైస సరైన చేతుల వడ్తె ఏమైతదో గిది ఒక నిదర్శనం.

పందిరి మీది తీగలు

ఇగ అసలు ముచ్చటకొద్దాం. అప్పటికి మెదడు గురించి లోకానికి ఏమెరుక? శరీరమంత కణాలతోని అయ్యిందని తెల్సు. కని మెదడు గూడ గట్లనేనా? పెద్ద పెద్ద జర్మన్ పండితులు కాదన్నరు. మెదడుల నరాలన్ని ఒకదాంట్లకి ఒకటి కల్సిపోయి, చేపల వల లెక్క ఒక్కటే జాలం ఉన్నదన్నరు. దీన్ని జాల సిద్ధాంతం అందాం.

ఎవలది తప్పో తేల్చాలంటె జూడాలె. జూద్దమంటె కనవడది. ఇంట్ల పందిరి మీద బీర, సొర, కాకర తీగలు అల్లుకున్నయనుకోండ్రి. అన్ని పచ్చగనే ఉంటయి. ఏ కొస ఏ మొదలుదో దేవునికే ఎరుక. మెదడు ముక్క మైక్రోస్కోప్ కింద అంతకన్న అధ్వానం. రంగేస్తె అన్నిటికి రంగు పడ్తది, ఏదీ విడిగ కనవడది.

ఇటలీల కమిల్లో గోల్జి అనే ఆయన 1873ల ఒక చిత్రమైన పద్ధతి కనిపెట్టిండు. మెదడు ముక్కను పొటాషియం డైక్రోమేట్‌ల నానవెట్టి, తర్వాత సిల్వర్ నైట్రేట్‌ల ముంచాలె. అప్పుడు వందల కణాలల్ల ఏ కొన్ని మాత్రమే, మొదలు నుంచి కొస దాక, నల్లగ మెరుస్తయి. మిగతయి మాయం. పందిరి మీద ఒక్క బీరతీగకే నల్ల రంగేసినట్టు. ఎందుకు కొన్నిటికే పడ్తదో గోల్జికి గూడ తెల్వది. పద్ధతి మొండిది, ఒకసారి పడ్తె ఇంకోసారి పడది. గందుకే పద్నాలుగేండ్లు పెద్దగ ఎవలు పట్టించుకోలే.

1887ల కహాల్ ఏదో పరీక్ష పనిమీద మాడ్రిడ్ పోయిండు. లూయిస్ సిమార్రో అనే డాక్టర్ ప్యారిస్ నుంచి గోల్జి పద్ధతి నేర్చుకొచ్చి ఉన్నడు. ఆయన ఇంట్ల గా గాజుపలక జూడంగనే కహాల్ నిలువునా బీరిపోయిండు. పసుపు పచ్చని నేల మీద నల్ల సిరాతోని గీసినట్టు, కొమ్మలు రెమ్మలతోని ఒక్కొక్క కణం. బొమ్మలు గీసే కండ్లకు అది పండుగే.

అదే యేడు బార్సిలోనా యూనివర్సిటీకి మారిండు. ఇంట్లనే పని. రెండు మార్పులు జేసిండు. ఒకటి, ముక్కను రెండుసార్లు, మూడుసార్లు రసాయనంల ముంచిండు, అప్పుడు రంగు నమ్మకంగ పట్టింది. రెండోది ఇంకా తెలివైంది. పెద్ద జంతువు మెదడు ఎందుకు, పిండంల ఉన్న కోడిపిల్ల మెదడు జూద్దం అనుకున్నడు. తీగలు పందిరెక్కి అల్లుకున్నంక విడదీసుడు కష్టం. మొలకెత్తి జానెడు పెరిగినప్పుడే జూస్తె ఏ తీగ ఏడికి పోతదో తేటతెల్లం. పైంగ పసి నరాలకు కొవ్వు పొర ఇంకా కట్టదు, రంగు మంచిగ ఎక్కుతది. గిది పెద్ద యంత్రం ఉంటె వచ్చే ఆలోచన కాదు. ఏది ఎట్ల పెరుగుతదో గమనించేటోనికి వచ్చే ఆలోచన.

1888. పక్షుల చిన్న మెదడును జూసిండు. నరకణం కొమ్మలు ఇంకో కణం దాక పోతయి, దాన్ని బుట్ట లెక్క సుట్టుకుంటయి, కని దాంట్ల కలవవు. కొస కొసనే. వల లేదు. దేనికదే విడిగున్న కణం. ఆయన కన్న జర ముందు విల్హెల్మ్ హిస్, ఆగస్ట్ ఫోరెల్ గూడ గిట్లనే ఉండొచ్చని రాసిన్రు. కని కండ్లకు కట్టినట్టు జూపిన సాక్ష్యం కహాల్‌ది.

మరి కబురు ఎట్ల పోతది? మన స్లాబ్ పోసే కాడికి రండ్రి. కింది నుంచి పై దాక కూలోళ్లు వరుసల నిలవడ్తరు. తట్ట చేతి నుంచి చేతికి పోతది. మనుషులు అతుక్కొని లేరు, అయినా మాలు పైకెక్కుతది. నిండు తట్ట పైకే పోతది, కిందికి రాదు. కహాల్ చెప్పింది గూడ గిదే లెక్క. నరకణం కొమ్మల దిక్కు నుంచి కబురు లోపలికొస్తది, పొడుగు తోక దిక్కు నుంచి బైటికి పోతది. ఒక్కటే దిశ. గా నియమంతోని కంటి నుంచి మెదడుకు, మెదడు నుంచి కండకు కబురు దారిని బాణాలు గీసి జూపిచ్చిండు.

అరవై కాపీల పత్రిక

కనుక్కున్నడు. కని ఎవలు ఇంటరు? స్పెయిన్‌ల నరాల సైన్సు అంటె ఎవలకు పట్టదు. జర్మన్లు స్పానిష్ సదవరు. మన తెలుగుల రాస్తె ఢిల్లీల ఎవలు సదువుతరు అన్నట్టు. ఏ పత్రిక కోసం ఎదురు జూడకుంట తనే ఒక పత్రిక పెట్టిండు. 1888 మే నెలల తొలి సంచిక. అరవై కాపీలు. రాసింది తనే, బొమ్మలు తనే, పైసలు తనే. దేశదేశాల పండితులకు పోస్టుల పంపిండు. జవాబు సున్న.

గప్పుడు 1889ల, దాచుకున్న పైసలన్ని మూటగట్టుకొని బెర్లిన్ రైలెక్కిండు. జర్మన్ అనాటమీ సంఘం సభ అక్కడ. జర్మన్ రాదు, వచ్చీరాని ఫ్రెంచ్. మైక్రోస్కోప్‌ల కింద తన గాజుపలకలు పెట్టి నిలవడ్డడు. ఎవలు దగ్గరికి రాకపోతె, తనే పోయి పెద్దోళ్లను గుంజుకొచ్చి సూపిచ్చిండు. గా సభల అందరి కన్న పెద్ద పేరున్నోడు ఆల్బర్ట్ ఫాన్ కెల్లికర్, డెబ్బై దాటిన ముసలాయన. ఒక్కొక్క పలక జూసిండు. జూసినంక తను అప్పటిదాక నమ్మిన జాల సిద్ధాంతాన్నే వదిలేసిండు. కహాల్ రాసింది సదవాలని గా వయసుల స్పానిష్ నేర్చుకున్నడు. కహాల్ పట్టుదలను అందరం పొగుడుతం. కని తప్పు తెల్వంగనే మారిన గా ముసలాయన గుణం గూడ తక్కువది కాదు.

1891ల వాల్దేయర్ అనే జర్మన్ పండితుడు గా కణానికి న్యూరాన్ అని పేరు పెట్టిండు. 1897ల ఇంగ్లాండ్ శాస్త్రవేత్త షెరింగ్టన్ గా సందుకు సినాప్స్ అని పేరిచ్చిండు. 1892ల కహాల్ మాడ్రిడ్ సెంట్రల్ యూనివర్సిటీకి పోయిండు. తనకు మొదటిసారి కణాలు సూపిచ్చిన మాయెస్ట్రె దె సాన్ హువాన్ చనిపోయి ఖాళీ అయిన కుర్చీలనే కూసున్నడు. 1894ల లండన్ రాయల్ సొసైటీల ఉపన్యాసం ఇచ్చిండు. సదివినా కొద్ది, సాధన జేసినా కొద్ది మెదడుల కణాల నడుమ కొమ్మలు, కలయికలు పెరుగుతయని గప్పుడే జెప్పిండు. మొద్దు అన్న ముద్ర వడ్డ పిలగాడే ఏ మెదడూ పుట్టుకతోని గీసిపెట్టిన గీత కాదని లోకానికి జెప్పుడు, ఆలోచిస్తె ఎంత న్యాయం!

1906ల నోబెల్. ఇద్దరికి కల్పి ఇచ్చిన్రు, కహాల్‌కు, గోల్జికి. చిత్రమేందంటె, గా స్టేజి మీదనే గోల్జి తన ఉపన్యాసంల న్యూరాన్ సిద్ధాంతాన్ని కొట్టిపారేసిండు. ఆఖరు దాక జాలమే నిజమని నమ్మిండు. ఆయన పద్ధతితోనే ఆయన సిద్ధాంతం కూలింది. 1950ల దశకంల ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తోని జూసినంక గా సందు కండ్లకు కనవడ్డది, కహాల్ చెప్పిందే నిజమని తేలింది. కొన్ని నరకణాల నడుమ మాత్రం సన్నని సొరంగాల తీరు కలయికలు గూడ ఉన్నయని తర్వాత తెల్సింది. సైన్సుల పూర్తిగ గెలిచినోడు, పూర్తిగ ఓడినోడు ఉండడు.

ఒక్కడే కాదు, బడి కట్టిండు

పేరొచ్చినంక కహాల్ ఏంజేసిండన్నదే నాకు ఆయన బతుకుల మస్తు నచ్చిన ముచ్చట. విద్యామంత్రి పదవి ఇస్తమంటె వద్దన్నడు. సర్కారు ఆయన కోసం ల్యాబ్ కట్టిచ్చింది. గా ల్యాబ్‌ల తెల్లో, అచూకర్రో, ఫెర్నాండో దె కాస్త్రో, లోరెంటె దె నో లాంటి జవాన్లు తయారైన్రు. 1907ల పెట్టిన సర్కారు విద్యామండలికి ఆయన అధ్యక్షుడైండు. స్కాలర్‌షిప్‌లు ఇచ్చి జవాన్లను విదేశాల ల్యాబులకు తోలి, తిరిగొచ్చినంక వాళ్లకు పనిచేసే జాగ జూపుడే దాని పని. తనకు బెర్లిన్‌కు సొంత పైసలతోని పోవాల్సొచ్చిన బాధ యాదికుండె గద. సెవెరో ఓచోవా అనే పిలగాడు కహాల్ కాడ సదవాలని మాడ్రిడ్ వచ్చిండు, అప్పటికే ఆయన రిటైరైండు. గా ఓచోవాకు 1959ల నోబెల్ వచ్చింది.

మచ్చ లేదా అంటె ఉన్నది. పియో దెల్ రియో ఒర్తెగా అనే శిష్యుడు మెదడుల మైక్రోగ్లియా అనే కణాలను గుర్తు పట్టిండు. కని ల్యాబ్‌ల లొల్లులు ముదిరి, 1920ల కహాల్ ఆయనను బైటికి పంపిండు. చాడీలు నమ్మి మంచి శిష్యున్ని దూరం జేస్కున్నడు. తర్వాత మళ్ల రాజీ కుదిరింది.

1934 అక్టోబర్ 17న ఎనభై రెండేండ్ల వయసుల కహాల్ చనిపోయిండు. రెండేండ్లు తిరగకముందే స్పెయిన్‌ల అంతర్యుద్ధం. ఫ్రాంకో నియంతృత్వం రాంగనే ఆయన నడిపిన గా మండలిని రద్దు జేసిన్రు. తెల్లో ప్రొఫెసర్ కుర్చీ గుంజుకున్నరు. రియో ఒర్తెగా దేశం విడిచిపోయి 1945ల అర్జెంటీనాల సచ్చిపోయిండు. ముప్పై యేండ్లల్ల కట్టిన సదువు గూడు ఒక్క సంతకంతోని పడింది. మిగిలినయి ఆయన చేత్తోని గీసిన వేల బొమ్మలు, గాజుపలకలు. వాటిని 2017ల యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల జాబితాల చేర్చింది. మేస్త్రి పనికిరావన్న చేతులు గీసిన బొమ్మలే ఇయ్యాల గూడ నరాల పుస్తకాలల్ల అచ్చయితున్నయి.

మనకేంది?

నేను కాలేజి గడప సక్కగ ఎక్కినోన్ని కాదు. గీ ముచ్చట్లన్ని లైబ్రరీల, తర్వాత ఫోన్ల సదివి తెల్సుకున్నయే. గందుకే నాకు తెల్సు, తెలివి మన ఊర్లల్ల తక్కువ లేదు, తక్కువున్నది దారి.

కహాల్ కతను మోటివేషన్ వీడియో లెక్క జూసి, కష్టపడ్తె చాలు అంతా అయితదని అనుకుంటె తప్పు. ఆయన మొండోడే. కని ఆయనకు తోడు ఏముండెనో లెక్క వెట్టుండ్రి. సదివిన అయ్య. ఫీజులకు ఇల్లు అమ్మాల్సిన పని లేని సర్కారు యూనివర్సిటీ. ఖాళీ అయిన కుర్చీని పోటీ పెట్టి నింపే పద్ధతి. ప్రజల పైసలతోని వచ్చిన మైక్రోస్కోప్. ఇల్లు మోసిన భార్య. ఇయ్యి లేకపోతె ఆయెర్బె ఊర్ల ఇంకో మంచి చెప్పుల మేస్త్రి ఉండేటోడు, అంతే. అట్ల మిగిలిపోయిన కహాల్‌లు మన ఊర్లల్ల ఎందరున్నరో ఎవలు లెక్క వెట్టిన్రు?

ఉస్మానియా, కాకతీయ, హెచ్‌సీయూ, ఇయన్ని మన పన్నులతోని నడిచే యూనివర్సిటీలు. నరాల సైన్సు సదవాలంటె ఎంబీబీఎస్ ఒక్కటే దారి కాదు. డిగ్రీల జువాలజీ, బయోకెమిస్ట్రీ తీస్కొని, ఎమ్మెస్సీ జేసి, సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్ రాసి ఫెలోషిప్‌తోని పరిశోధనలకు పోవచ్చు. గీ దారి ఉన్నదని జెప్పే సారు మన కాలేజిల లేకపోవుడే అసలు కొరత. ప్రొఫెసర్ పోస్టులు యేండ్ల తరబడి ఖాళీగ పెట్టి, ల్యాబుల అల్మారాలకు తాళాలేసి, పల్లె పిల్లలకు సైన్సు మీద ఇష్టం లేదంటె ఎట్ల? ఇష్టం లేక కాదు, మైక్రోస్కోప్‌ల కన్ను వెట్టే మోక ఇయ్యక.

గందుకే తమ్మీ, చెల్లే, రెండు పనులు కల్సి జేద్దాం. సదువుదాం, సదువుకునే జాగ కోసం కొట్లాడుదాం. వచ్చే పత్తి కాలంల గూడ మందు కొట్టినోడు దవాఖానకొస్తడు. గా సందుల ఏమైతున్నదో, దాన్ని ఇంకా మంచిగ ఎట్ల ఆపాల్నో కనిపెట్టే మనిషి, గా చేను గట్టు మీద పెరిగినోడో పెరిగినదో అయితె, వాళ్లకు గా పని తొందర తెలుస్తది. ఎందుకంటె పడిపోయింది వాళ్ల నాయినే గావొచ్చు.